‘అన్‌లెస్’లో దాక్కున్న ‘లేదు’

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇంగ్లీషు టీచర్లకు మొన్న మా మార్కాపురంలో శిక్షణ జరిగింది. రిటైరైన నన్ను కూడా ఒక పూట వచ్చి మాట్లాడమన్నారు. మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, టీ ఇచ్చారు. బయటికొచ్చి బస్టాండు దాకా నడిచానో లేదో, చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదని తోచింది. బోధనా పద్ధతుల గురించి చెప్పాను, పాఠ్యప్రణాళిక గురించి చెప్పాను. అవి వాళ్లకు పుస్తకాల్లో దొరుకుతాయి. గబగబా వెనక్కి నడిచి హాలు దగ్గరికి వెళ్లాను. అప్పటికే తాళం వేసేశారు.

ఆ రోజు నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కూర తరుగుతూ వాళ్లకు పాఠం చెబుతున్నాను. మేడ మీద బట్టలు ఆరేస్తూ చెబుతున్నాను. "ఎవరితోనే మాట్లాడతాండావు?" అని మా ఆయన కింది నుంచి కేకేస్తాడు. ఇలా లాభం లేదని కాగితాలు ముందేసుకున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టరు గొడవలు రాయను. అవి అందరికీ ఉండేవే. నేను రాయబోయేది ఒక చిన్న మాట గురించి. అన్‌లెస్. దానికి చుట్టాలు కొందరున్నారు: అన్‌టిల్, లెస్ట్, నైదర్, నార్. వ్యాకరణం పుస్తకంలో ఇవన్నీ కలిపి ఒక పేజీ ఉంటాయేమో. నా ఉద్యోగమంతటిలో నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది ఆ పేజీయే.

పిల్లలు ఎందుకు తప్పు రాస్తారు

నా మొదటి బడి అర్ధవీడు మండలంలో. సగం మంది పిల్లల తల్లిదండ్రులు పనికి బెంగళూరు పోయేవాళ్లు. అవ్వల దగ్గర, పెద్దమ్మల దగ్గర ఉండి చదువుకునే పిల్లలు. వాళ్ల నోట్సులు దిద్దుతుంటే ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపించేది. ‘నువ్వు రాకపోతే నేను పోను’ అనడానికి అన్‌లెస్ పెట్టి, ఆ వెనకే ‘డు నాట్ కమ్’ అని రాసేవాళ్లు. ‘నువ్వు రానంతవరకు కదలను’ అనాల్సిన చోట అన్‌టిల్ పెట్టి, ఆ పక్కన ఒక ‘నాట్’ తగిలించేవాళ్లు. నైదర్ దగ్గరైతే ఒక్క వాక్యంలో మూడేసి ‘నాట్’లు.

ఎర్ర ఇంకుతో కొట్టేశాను. మళ్లీ రాశారు. మళ్లీ కొట్టేశాను. ఇది నిర్లక్ష్యం కాదని, వాళ్లు తెలుగును చాలా నిజాయితీగా ఇంగ్లీషులోకి మోస్తున్నారని అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

మన భాషలో ‘లేదు’ అనేది క్రియలో ఉంటుంది. రాకపోతే. పడకుండా. పిలవనంతవరకు. చూడండి, ప్రతి మాటలోనూ ‘లేదు’ అనే ముక్క క్రియ కడుపులోనే ఉంది. ఇంగ్లీషులో అది వాక్యాలను కలిపే మాటలోకి వెళ్లి దాక్కుంటుంది. అన్‌లెస్ అన్నామంటే ‘లేదు’ అప్పటికే వచ్చేసింది. ఇంక క్రియను ఉన్నదున్నట్టు వదిలేయాలి. మన పిల్లవాడికి ఆ దాక్కున్న ‘లేదు’ కనపడదు. తన ‘రాకపోతే’లో ఉన్న ‘లేదు’ ఎక్కడో జారిపోయిందని కంగారుపడి, పాపం, ఒక ‘నాట్’ తెచ్చి పెడతాడు. రెండు ‘లేదు’లు కలిసి ‘ఉంది’ అయిపోతాయి. చెప్పదలుచుకున్నదానికి సరిగ్గా ఎదురు అర్థం వస్తుంది.

కొత్తగా చేరినవాళ్లకు నేను ఆ హాల్లో చెప్పాల్సిన మొదటి మాట ఇదే. పిల్లలు తప్పు రాస్తే ముందు వాళ్ల తెలుగు వినండి. ఆ తర్వాత ఎర్ర పెన్ను తీయండి.

పిల్లలే కాదు, పెద్దలూ అంతే. అక్కడి మా హెడ్మాస్టరు తన గది తలుపు మీద ఇంగ్లీషులో ఒక బోర్డు రాయించాడు. ‘పిలవనంతవరకు లోపలికి రావద్దు’ అని ఆయన ఉద్దేశం. అన్‌టిల్ పక్కన ‘నాట్ కాల్డ్’ అని పడింది. "సార్, దీని ప్రకారం మీరు పిలవడం మానేసినాకే లోపలికి రావాలి" అన్నాను. ఆయన లేచొచ్చి బోర్డు చదివాడు. "అందుకేనేమోనమ్మా, మా అటెండరు ఎంత పిలిచినా రాడు" అన్నాడు. బోర్డు మాత్రం మార్చలేదు. ఆయన రిటైరయ్యేదాకా అది అక్కడే ఉంది. మంచి మనిషే. కానీ ‘అర్థమవుతుంది లేమ్మా, సాలు’ అనే జబ్బు ఆయనది. మన ఉద్యోగంలో ఆ జబ్బు చాలామందికి ఉంటుంది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదనే నేనూ అనుకునేదాన్ని, కొనకనమిట్ల వెళ్లేదాకా.

కాశమ్మ రాసిన వాక్యం

కొనకనమిట్ల బడిలో కాశమ్మ అని పదో తరగతి పిల్ల ఉండేది. తండ్రి పేరు తిరుపాలు. గొర్రెల మంద ఉంది. వానలు పడకపోతే మందను తోలుకుని డెల్టా వైపు పోతాడు, పడితే ఇక్కడే ఉంటాడు. తల్లి, కాశమ్మ వానాధారపు చేను చూసుకుంటారు. కాశమ్మ మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఒక సంగతి అర్థం కాకపోతే ‘ఊ’ అనదు. తల అడ్డంగా ఊపి అట్లాగే నిలబడుతుంది. అలాంటి పిల్ల క్లాసులో ఒకరుంటే టీచరుకు కష్టం, ఒక్కరూ లేకపోతే నష్టం.

మార్కాపురంలో ఒక ట్రస్టు ఏటా పదో తరగతి పిల్లలకు ప్రతిభా పరీక్ష పెట్టేది. మొదట వచ్చిన ఒక్కరికి విజయవాడలో మంచి కాలేజీలో ఇంటర్ సీటు, హాస్టలు అంతా వాళ్లే చూసుకునేవారు. కాశమ్మ రాసింది. ఒక్క మార్కు తేడాతో రెండో స్థానం వచ్చింది.

ఏ మార్కు పోయిందో చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ‘వాన పడకపోతే రైతులు ఊరు విడిచి వెళతారు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఇచ్చి, ఇఫ్ తీసేసి అన్‌లెస్‌తో తిరగరాయమన్నారు. కాశమ్మ ‘అన్‌లెస్ ఇట్ రెయిన్స్’ అని చక్కగా రాసింది. దాన్ని తప్పని కొట్టేశారు. ట్రస్టు తయారుచేసిన జవాబుల కీలో ‘అన్‌లెస్ ఇట్ డజ్ నాట్ రెయిన్’ అని ఉంది. రెండు ‘లేదు’లు!

మా హెడ్మాస్టరు రహంతుల్లా గారికి చూపించాను. ఆయన లెక్కల మనిషి. అంతా విని, "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అయింది గదా మేడం?" అన్నాడు. అంతే సార్ అన్నాను. "అయితే పోండి, అడగండి. ఒక్కరే పోవాకండి, పిల్లను గూడా తీసుకుపోండి. మీరు మాట్లాడితే అది వ్యాకరణం. పిల్ల మాట్లాడితే అది సంగతి." నేను పనిచేసిన పై అధికారుల్లో నాకు పనికొచ్చే సలహా ఇచ్చిన ఒకే ఒక్కాయన ఈయన.

పురుషోత్తం గారి వరండా

ట్రస్టు కార్యదర్శి పురుషోత్తం గారు. రిటైరైన ప్రిన్సిపాలు. నేను ఇంటర్ చదివేటప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పినాయన. నాకు ఈ భాష మీద ఇష్టం పుట్టించింది ఆయనే.

"ఏమ్మా భారతీ, ఇంత ఎండలో వచ్చినావు?" అన్నాడు. చెప్పాను. ఆయన ముఖం బిగుసుకుంది.

"ఆ కీ నేను చూసి సంతకం పెట్టినదే. తెలుగులో చెప్పు చూద్దాం. వాన రాకపోతే. రాకపోతేలో ‘లేదు’ ఉందా లేదా? మరి ఆ పిల్ల రాసినదాంట్లో అది యాడికి పోయింది?"

"సార్, అది అన్‌లెస్ లోపలే ఉంది."

"లోపల ఉంటే నీకు కనపడతాదా?"

"మీరే నేర్పినారు సార్ మాకు."

ఈ మాటకు ఆయనకు కోపం పెరిగిందే తప్ప తగ్గలేదు. నేను పుస్తకం తెరవబోయాను. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పటిదాకా స్తంభం పక్కన నిలబడి ఉన్న కాశమ్మ ముందుకొచ్చింది.

"సార్, మీరు రాసినట్టయితే వాన పడితే రైతులు ఊరిడిచి పోతారు."

"ఏందీ?"

"వాన పడితే పోతారని వస్తాది సార్ అర్థం. వానొస్తే ఎవరన్నా పోతారా? మా నాయన వాన రాకపోతేనే మందను తోలుకుని పోతాడు. వస్తే యాడికీ పోడు."

పురుషోత్తం గారు కీ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఆ వాక్యాన్ని పెదాలతో చదువుకున్నాడు, మళ్లీ చదువుకున్నాడు. తర్వాత ఇంట్లోకి తిరిగి, "ఈ పాపకు మజ్జిగ తీసుకురాండి" అని కేకేశాడు. ఓడిపోయానని చెప్పడం ఆయనకు అలాగే వచ్చు.

గెలిచామనుకున్నాను. ఆయన లోపలికి వెళ్లి ఇంకో జవాబు పత్రం తెచ్చి నా ముందు పెట్టాడు.

"మొదటొచ్చిన పిల్లోడిది. అర్ధవీడు దగ్గర. ఓబులేసు. కీలో ఉన్నట్టే రాసినాడు. నువ్వు చెప్పినట్టు దిద్దితే ఈ పిల్లకు ఒకటి కలుస్తాది, వాడికి ఒకటి పోతాది. సీటు మారిపోతాది. వాడి ఇంటికి ఇప్పటికే కబురు పోయింది. ఇప్పుడు చెప్పమ్మా, ఏం చేద్దాం?"

కాశమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని నన్నే చూస్తోంది. "వాడిని చూసొచ్చి చెబుతా సార్" అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. వెళ్లకుండా నిర్ణయం చెప్పడం నా వల్ల కాలేదు.

ఓబులేసు అడిగిన ప్రశ్న

మర్నాడే కంభం రైలెక్కి, అక్కడ బస్సు మారి అర్ధవీడు అవతల వాళ్ల ఊరికి వెళ్లాను. తండ్రి బెంగళూరులో కట్టుబడి పనికి పోయి ఉన్నాడు. తల్లి సుబ్బలక్షుమ్మ మేకల దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. సీటు గురించి ఏదో మంచి మాట చెప్పడానికి వచ్చాననుకుంది. "కూర్చో అక్కా, కూర్చో" అని మంచం వాల్చింది. నేను కూర్చోలేకపోయాను.

ఓబులేసు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఆ వాక్యం రాయమన్నాను. క్షణంలో రాశాడు, కీలో ఉన్నట్టే. ఎందుకలా రాశావు అంటే, "కంభంలో కోచింగ్ సారు చెప్పినాడు మేడం. ఇఫ్ కొట్టేయ్, ఆ జాగాలో అన్‌లెస్ పెట్టు, మిగతాది ముట్టుకోవద్దు అని."

మన చుట్టూ ఉన్న చదువంతా ఈ ఒక్క మాటలో ఉంది. మిగతాది ముట్టుకోవద్దు. ఆ సారును నేను తిట్టను. ఆయనకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. అలాంటి గైడొకటి పట్టుకునే ఎవరో ట్రస్టుకు కీ తయారుచేసి ఉంటారు.

విషయం చెప్పేశాను. సుబ్బలక్షుమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఓబులేసు మాత్రం తల వంచుకోలేదు.

"మేడం, ఆ సారు చెప్పింది చెప్పినట్టు రాసినా. అది తప్పయితే తప్పు సారుది గదా. నాదెట్ల అయితాది?"

ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను. ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఇలాంటిది మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ పిల్లవాడు రాసింది తప్పే. కానీ ఆ తప్పు వాడిది కాదు. ఈ రెండు మాటలూ నిజమే. రెంటినీ కలపడానికి ఏ భాషలోనూ నాకు కలిపే మాట దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో రైలు కంభం దాటిందో లేదో లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. మార్కాపురం రోడ్డు స్టేషను వచ్చేదాకా అలాగే ఉన్నాను. దిగేటప్పటికి ఒకటి తేల్చుకున్నాను. ఇద్దరికీ మళ్లీ పరీక్ష పెట్టాలి. అంతకు ముందు ఓబులేసుకు ఎవరో ఒకరు సరిగ్గా చెప్పాలి. సరిగ్గా నేర్చుకునే అవకాశం లేకుండా మళ్లీ పరీక్ష పెట్టడం నాటకం అవుతుంది.

పురుషోత్తం గారు ఒప్పుకున్నాడు. "చెప్పేది ఎవరు?" అన్నాడు. ఇంకెవరు?

ఒకే చాప మీద

కాశమ్మ మళ్లీ పరీక్షకు భయపడలేదు. "పెట్టమనండి, నాకేంది" అంది. ఓబులేసుకు కూడా నేనే చెబుతానన్నప్పుడు మాత్రం పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయింది. మాట్లాడింది తిరుపాలు. మందను ఊరి బయట వదిలి, కర్ర చేతిలో పట్టుకునే మార్కాపురంలో మా ఇంటికి వచ్చాడు.

"అమ్మా, మా పాప గెలిచినాదా లేదా?"

"గెలిచింది అన్నా. రాసింది రైటే."

"రైటయితే మళ్లీ పరీక్ష ఏంది? పైగా మా పాపకు పోటీ వచ్చేటోడికి నువ్వే నేర్పుతావంట. ఇది యాడి న్యాయమమ్మా?"

"వాడికి తప్పు నేర్పినారు అన్నా."

"నేర్పినోడు పోయి నేర్పుకోని. నీకెందుకు?"

కాశమ్మను పంపనన్నాడు. మూడో రోజు ఆ పిల్లే బస్సెక్కి వచ్చింది.

వేసవి సెలవులు. ప్రొద్దున్నే ఓబులేసు రైల్లో, కాశమ్మ బస్సులో వచ్చేవాళ్లు. మా వరండాలో ఒకే చాప మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మొదట్లో కాశమ్మ తను రాసింది వాడికి కనపడకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకునేది. వాడు చూసేవాడు కాదు. కళ్లు మూసుకుని ఏదో గొణుక్కునేవాడు.

ఒకరోజు ఉన్నట్టుండి కళ్లు తెరిచి, "మేడం, తెలుగులో ‘లేదు’ తోకలెక్క వెనక వస్తాది. ఇంగ్లీషులో అది ముందే వచ్చి కూర్చుంటాది. మనం వచ్చిందని చూసుకోకుండా ఇంకో దాన్ని పిలస్తాన్నాం" అన్నాడు.

నేను ఏళ్ల తరబడి తడుముకుని తెలుసుకున్నది వాడు ఒక వారంలో పట్టుకున్నాడు. చాప రెండో చివర కూర్చున్న పిల్ల కూడా ఆ మాట విన్నది. వాడి వైపు చూసింది. అంతదాకా తను మాత్రమే తెలివైనదాన్ని అనుకున్న ముఖం అది. నాకు తెలుసు, ఆ వయసులో నాదీ అదే ముఖం.

తర్వాత ఇద్దరూ పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. అన్‌టిల్ మీద, నైదర్ మీద. "అట్ల కాదు", "నీకేం తెలుసు", "మేడంను అడుగు". మా ఆయన మజ్జిగ తెచ్చిస్తూ, "వీళ్లు పరీక్ష రాసేటోళ్ల మాదిరి లేరు, గట్టు తగాదాకొచ్చినట్టుండారు" అనేవాడు. వాళ్లలా కొట్లాడుకుంటుంటే నా గదిలోకి వెళ్లి ఊరికే అటూ ఇటూ తిరిగేదాన్ని. ఒక్క సీటు. ఇద్దరు పిల్లలు. నేను ఎవరికి ఏది చెప్పినా రెండోవాళ్లకు చెడుపు చేస్తున్నట్టే అనిపించేది. ఓబులేసు అడిగిన సందేహానికి పూర్తిగా జవాబు చెప్పకుండా పక్కకు తప్పుకోవచ్చు. ఎవరికీ తెలీదు. అలా తోచిన ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం వివరంగా చెప్పాను. బహుశా అవసరం కన్నా ఎక్కువే చెప్పానేమో.

లెస్ట్

పరీక్ష పురుషోత్తం గారి వరండాలోనే పెట్టారు. ఆయన పక్క గదిలో, నేను గేటు దగ్గర. తిరుపాలు రోడ్డవతల చింతచెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. సుబ్బలక్షుమ్మ రాలేదు, మేకలను వదిలి రావడానికి ఆమెకు వీల్లేదు.

అన్‌లెస్ ఇద్దరూ సరిగ్గా రాశారు. అన్‌టిల్ సరిగ్గా రాశారు. నైదర్, నార్ కూడా. తేడా లెస్ట్ దగ్గర వచ్చింది. ‘బస్సు తప్పిపోకుండా ఆమె పరుగెత్తింది’ అనే అర్థం వచ్చేలా రాయాలి. తప్పిపోకుండా. మళ్లీ క్రియ కడుపులో ‘లేదు’. ఓబులేసు ‘లెస్ట్ షి షుడ్ మిస్’ అని రాశాడు. కాశమ్మ చెయ్యి అక్కడ జారింది. ‘షుడ్ నాట్ మిస్’ అని రాసింది.

ఎందుకు జారిందో నాకు తెలుసు. వాన ఆమె బతుకులో ఉంది. అందుకే అన్‌లెస్ అర్థాన్ని ఆ పిల్ల కళ్లతో చూసింది. లెస్ట్ ఎవరి బతుకులోనూ లేదు. నేను ఇంగ్లీషు మాట్లాడేవాళ్లను చాలామందిని చూశాను. మాటల మధ్యలో లెస్ట్ అన్నవాడిని ఒక్కడినీ చూడలేదు. ఎవరూ నోటితో అనని మాటను పట్టుకుని ఇద్దరు పిల్లల దారి తేల్చాం. ప్రశ్నపత్రాలు తయారుచేయబోయే కొత్త టీచర్లారా, ఇది మాత్రం నా ముఖం చూసి గుర్తుపెట్టుకోండి. పిల్లలకు బతకడానికి పనికొచ్చే వ్యాకరణం వేరు, వాళ్లను వడపోయడానికి మనం వాడే వ్యాకరణం వేరు. రెండోదాన్ని తయారుచేసేటప్పుడు చెయ్యి వణకాలి.

పురుషోత్తం గారు ఫలితం చెప్పాడు. ఓబులేసు నవ్వలేదు. కాశమ్మ వాడి కాగితం అడిగి తీసుకుంది. చదివింది.

"రైటే రాసినాడు మేడం" అంది.

ఏడిస్తే దగ్గరికి తీసుకుందామనుకున్నాను. ఏడవలేదు. మెట్లు దిగి రోడ్డు దాటి తండ్రి దగ్గరికి పోయింది. తిరుపాలు లేచి కర్ర తీసుకుని నా వైపు ఒక్కసారి చూశాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత

ఓబులేసు విజయవాడ వెళ్లి చదువుకున్నాడు. ఇప్పుడు ఒక ఓడరేవులో ఇంజనీరు. తల్లిని తీసుకుపోయి దగ్గర పెట్టుకున్నాడు. ఎప్పుడైనా ఫోన్ చేస్తాడు. కాశమ్మ ఎలా ఉందని అడుగుతాడు.

కాశమ్మ మార్కాపురంలోనే ఇంటర్ చదివింది, ఇక్కడే డిగ్రీ. రోజూ బస్సులో వచ్చి పోయేది. బజారులో కనిపిస్తే నమస్కారం పెట్టేది, నిలబడి రెండు మాటలు మాట్లాడేది. తిరుపాలు కనిపిస్తే తల తిప్పుకునేవాడు. కూతురిని చదువు మాన్పించమని చుట్టాలు పోరుపెట్టినప్పుడు, "ఆ మేడం కళ్లెదర ఇది టీచరు కావాల, అంతదాకా ఆపేది లేదు" అన్నాడని తర్వాత తెలిసింది. కోపంతో కూడా మనుషులు పిల్లల్ని చదివిస్తారు. అది నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

ఈ సంవత్సరం కాశమ్మకు ఉద్యోగం వచ్చింది. గిద్దలూరు దగ్గర ఒక ఊళ్లో ఇంగ్లీషు టీచరు. మొన్నటి శిక్షణలో ముందు వరసలో కూర్చుని ఉంది. నా ఉపన్యాసం అయ్యాక దగ్గరికొచ్చింది.

"మేడం, అప్పుడు మీరు వాడికి చెప్పకుండా ఉండుంటే సీటు నాదే గదా?"

"నీదే" అన్నాను.

"నేనైతే చెప్పకపోదును" అంది. నవ్వుతూ కాదు, కోపంగానూ కాదు. ఊరికే, సంగతి చెబుతున్నట్టు.

ఆ మాటకే నేను బస్టాండు దగ్గర నుంచి వెనక్కి వెళ్లింది. ఏదో జవాబు చెప్పాలని. ఇప్పుడు ఇంత రాశాక కూడా ఆ జవాబు తోచలేదు. నేను చేసిందే సరైనదని ఆ పిల్లకు ఏ ముఖంతో చెప్పను? తరగతిలో ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకుండా ఉండలేమని మాత్రం చెప్పగలను. అది ధర్మమని కూడా అనను. మన ఉద్యోగం అలాంటిది. చాప మీద కూర్చున్నవాడు అడుగుతాడు, నోరు దానంతటదే చెప్పేస్తుంది. దాని ఖర్చు ఒక్కోసారి ఇంకొకరు భరిస్తారు. ఇది తెలిసే ఈ పనిలోకి రండి.

నిన్న సాయంత్రం గేటు చప్పుడైతే వెళ్లి చూశాను. తిరుపాలు. జుట్టంతా తెల్లబడింది. లోపలికి రమ్మంటే వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"పాపకు ఉద్యోగమొచ్చినాదని చెప్పిపోదామని వచ్చినా."

"తెలుసు అన్నా. చాలా సంతోషం."

"ఒకటి అడగతానమ్మా, ఇప్పుడన్నా చెప్పు. ఆ పిల్లోడు నీ బడి గాదు, నీ ఊరు గాదు. వాడికి అంత పూసగుచ్చినట్టు ఎందుకు చెప్పినావు?"

"నా ముందు కూర్చున్నాడు అన్నా. అంతే. ఇంకేం లేదు."

ఆయన తల ఊపాడు. "మందలో ఇంకొకరి గొర్రె కలిస్తే మేమూ అంతేలే. దాన్ని ఇడిసిపెట్టి మాదాన్నే మేపలేం. పొద్దుగూకేదాకా మేపి, అప్పుడు వాళ్లది వాళ్లకు తోలుతాం." ఆగి, నా వైపు సూటిగా చూశాడు. "అయినా నాకు కోపం పోలేదమ్మా."

"పోవాల్సిన పని లేదు అన్నా" అన్నాను.

అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.